ఆగిందన్నాను

ఏడేళ్లుగా ఒక మాట నా మీద కూర్చుని ఉంది. లేవదు. అబద్ధాలు ఆడని మనిషి ఉంటాడా? ఆఫీసుకు ఆలస్యమైతే ఆడతాం, పెళ్ళికి పోలేకపోతే ఆడతాం, మర్నాటికి మరిచిపోతాం. ఇది మాత్రం పోలేదు. ఒకే ఒక్క మాట. మూడక్షరాలు. గొణిగింది కూడా కాదు, చెయ్యెత్తి మరీ అరిచి చెప్పాను.

మీరెవరో నాకు తెలియదు. అందుకే మీకు చెబుతున్నాను. తెలిసిన మనిషికి చెప్పడానికి ఒకసారి చూశాను. అదేమైందో చివర్లో చెబుతాను, అది ఇంకా సిగ్గుచేటు. నా పేరు అడగకండి. కోవూరు వాణ్ణి. తడ దగ్గర ఒక ఫ్యాక్టరీలో నాణ్యత చూసే విభాగంలో పని. బల్ల మీదికి వచ్చిన వస్తువును అటూ ఇటూ తిప్పి, కొలిచి, బాగుందని సంతకం పెడితే అది లారీ ఎక్కుతుంది. నా సంతకం చూసి అవతలివాడు మళ్ళీ కొలవడు. నవ్వాలనిపిస్తే నవ్వండి, ఏమీ అనుకోను.

సంగతి కార్లది. ఎక్కి తిరిగే కార్లు కావు. మూరెడు పొడవుండే రిమోట్ కార్లు. మా ఆవిడ బొమ్మలంటుంది. బొమ్మలే, కాదనను. కాకపోతే ఈ బొమ్మ మీట నొక్కిన నాలుగైదు సెకన్లలో గంటకు నూరు కిలోమీటర్లు దాటుతుంది. అంత చిన్న వస్తువు నేలను రాసుకుంటూ అంత వేగంగా పోతుంటే కంటికి అందదు, చెవికే అందుతుంది. మొదటిసారి చూసినవాడు నవ్వుతాడు. రెండోసారి చూసినవాడు ఎక్కడ దొరుకుతుందని అడుగుతాడు. నేను రెండోసారి దాకా కూడా ఆగలేదు.

విడవలూరు దాటి సముద్రం వైపు పోతే, రాకుండా పోయిన ఒక కంపెనీ కోసం వేసిన సిమెంటు రోడ్డు ఒకటి ఉంది. గీత గీసినట్టు తిన్నగా ఉంటుంది. అటు చివర తుప్పు పట్టిన రేకుల షెడ్డు, దాని వెనక ఇసుక, ఆ ఇసుకలో పక్కనున్న పాలెం ఆడవాళ్ళు చేపలు ఎండబెట్టుకునే చోటు. శనివారం పొద్దున్నే, గాలి లేవకముందు, మేము ఏడెనిమిది మందిమి అక్కడ కలిసేవాళ్ళం. ఒక్కొక్కరు కారును ఈ కొస నుంచి ఆ కొసకు పరుగెత్తించడం, లోపల పెట్టిన చిన్న యంత్రంలో ఎంత వేగం పడిందో చూడడం, అంతే ఆట. ఇంతేనా అంటారు. ఇంతే. ఆ రోడ్డు మీద అందరికన్నా ఎక్కువ వేగం రెండేళ్ల పాటు నాది. నూట ముప్పై ఒకటి. ఈ అంకె ఇప్పటికీ నోటికి వస్తుంది, నా బండి నంబరు రాదు.

ఇక డేనియేలు. నాకన్నా ఆరేళ్లు చిన్న. రొయ్యల గుంటల్లో నీళ్ళు చిలికే ఏరేటర్లకు మోటార్లు బాగుచేసేవాడు. నా కారు కొన్నది. ప్రతి ముక్కా విదేశం నుంచి తెప్పించుకున్నాను. అతనిది చేసింది. పాత కారొకటి ఎవరో పారేస్తే తెచ్చి, మోటారు తనే చుట్టి, గేర్లు లేతు మిషను మీద తనే కోసి, వైర్లు తనే టంకం పెట్టాడు. అతని టంకం చూడాలి మీరు. నీటి బొట్టులా నున్నగా, గుండ్రంగా ఉండేది. దాన్ని వేలితో తడిమి మరీ మెచ్చుకునేవాణ్ణి. మెచ్చుకున్నది నిజమే. ఆ మెచ్చుకోలు అడుగున ఇంకేదో కదిలిందన్నదీ నిజమే. ఏడాది తిరక్కుండానే ఆ పారేసిన కారు నూట ఇరవై ఎనిమిది కొట్టింది. ఆ పొద్దు అందరూ నా వైపు చూసి నవ్వారు. "అన్నా, నీ కుర్చీ కాళ్ళు కోసేస్తా ఉండాడు చూసుకో" అని ఒకడన్నాడు. నేనూ నవ్వాను. నవ్వకపోతే బాగుండదు కదా.

మాలో ఒక కట్టుబాటు ఉండేది. అది చెబితేగానీ నేను చేసింది మీకు అర్థం కాదు. పరుగు మధ్యలో రిమోటుకూ కారుకూ సంబంధం తెగిపోతే కారు తనంతట తాను ఆగాలి. ఆ బుద్ధి దానికి పుట్టుకతో రాదు. లోపల రిసీవరని అగ్గిపెట్టెంత పెట్టె ఉంటుంది, దానికి మనమే నేర్పాలి. రిసీవరు మార్చిన ప్రతిసారీ మళ్ళీ నేర్పాలి. నేర్పకపోతే చివర విన్న మాటనే పట్టుకుని పోతుంది. అందుకని ఆట మొదలయ్యేముందు ప్రతి కారుకూ 'చక్రం చూసేవాళ్ళం'. కారును తిరగేసిన చేపల ట్రే మీద, చక్రాలు గాల్లో ఉండేలా పెడతాం. కారు సొంతదారు రిమోట్ పట్టుకుని నూరడుగులు అవతలికి నడుస్తాడు. మీట కొంచెం నొక్కి చక్రాలు తిప్పుతాడు. నొక్కి ఉండగానే రిమోట్ ఆపేసి చెయ్యెత్తుతాడు. చక్రాలు ఆగాలి. ఆగితే కారు దగ్గర కూర్చున్నవాడు "ఆగింది" అని అరవాలి. ఆ అరుపు వినకుండా ఎవరి కారూ రోడ్డెక్కకూడదు. ఎవరి కారు చక్రం వాళ్ళు చూసుకోకూడదు కూడా. కాకి పిల్ల కాకికి ముద్దు కదా, అందుకని ఇంకొకరు చూడాలి. ఈ నియమం పెట్టినవాణ్ణి నేనే. ఫ్యాక్టరీ బుద్ధి.

ఆ శనివారం డేనియేలు కారు చక్రం చూసే వంతు నాది.

ముందు రోజు రిసీవరు మార్చానని వచ్చీ రాగానే చెప్పాడు. పని మధ్యలో ఎవరి గుంటలోనో ఏరేటర్లు ఆగిపోయి, రొయ్యలు పైకి తేలుతున్నాయని ఫోను వస్తే పరుగెత్తాడట. తిరిగొచ్చి మిగతాది పూర్తి చేశాడట. ఇదంతా నవ్వుతూ చెప్పాడు. కళ్ళు ఎర్రగా ఉన్నాయి, నిద్ర లేదు. ఈ రోజు నీ నంబరు చెరిపేస్తానన్నా అన్నాడు. చెరుపు చూద్దాం అన్నాను.

అతను నూరడుగులు నడిచాడు. నేను ట్రే పక్కన గొంతుక్కూర్చున్నాను. చక్రాలు మెల్లగా తిరగడం మొదలుపెట్టాయి. ముందు కుడి చక్రం మీద అతను సున్నంతో ఒక తెల్ల చుక్క పెట్టుకున్నాడు, గుర్తుకోసం. అది పైకి వస్తోంది, కిందికి పోతోంది. డేనియేలు చెయ్యెత్తాడు. అంటే రిమోట్ ఆపేశాడు. ఆ చుక్క ఆగాలి.

పైకి వచ్చింది. కిందికి పోయింది. మళ్ళీ పైకి వచ్చింది.

అంత దూరం నుంచి అతనికి చక్రాలు కనబడవు. సముద్రం హోరులో ఆ చిన్న మోటారు చప్పుడు వినబడదు. మిగతావాళ్ళు టీ ఫ్లాస్కు చుట్టూ ఉన్నారు. ఆ చుక్కను చూసింది ఈ లోకంలో నేనొక్కణ్ణే.

"ఆగిందా అన్నా?" అని అరిచాడు.

"ఆగింది!" అని చెయ్యెత్తి అరిచాను.

"చక్కంగా చూసినావా?"

"చూసినాను లేరా! కానీ!"

అతను రిమోట్ మళ్ళీ వేసి మీట వదిలాడు. అప్పుడు ఆగాయి చక్రాలు. నా మాట నిజం చేయడానికన్నట్టు ఆగాయి.

ఎందుకన్నాను? ఏడేళ్లలో ఈ ప్రశ్నకు నేను చెప్పుకోని జవాబు లేదు. పరధ్యానం అని చెప్పుకున్నాను. కాదు, చుక్కను లెక్కపెట్టాను కూడా, ఆరుసార్లు పైకి వచ్చింది. అతను బాధపడతాడని, అంత దూరం నుంచి నిద్ర లేకుండా వచ్చినవాణ్ణి ఆపడం ఎందుకని జాలిపడ్డాననీ చెప్పుకున్నాను. ఎంత బాగుంది! అబద్ధానికి జాలి పేరు పెట్టి, దాన్ని కొన్ని నెలలు నమ్మాను కూడా. రేకుల షెడ్డు దగ్గర రిమోట్ సంబంధం అప్పుడప్పుడు తెగుతుందని నాకు తెలుసు. అంతకు ముందు నెల అక్కడే నా కారు ఉన్నట్టుండి ఆగిపోయింది, నా రిసీవరు నేర్పిన పాఠం మరిచిపోలేదు కాబట్టి. అంటే ఏం జరగవచ్చో నాకు తెలుసు. తెలిసే అన్నాను. అతని కారు షెడ్డు దగ్గర అదుపు తప్పి, ఇసుకలో దూరి, ముక్కలు కావాలి. అంతే నేను కోరుకున్నది. ఆ చేత్తో చేసిన కారు ముక్కలు కావాలి, నా నూట ముప్పై ఒకటి నిలవాలి. మనిషికి దెబ్బ తగలాలని అనుకోలేదు. అనుకోలేదు నిజంగా. కానీ ఇసుక వెనక మనుషులుంటారని ఆ క్షణంలో గుర్తు చేసుకోలేదు కూడా. గుర్తు రాలేదా, రానివ్వలేదా?

నోరు విప్పడానికి ఇరవై నిమిషాలు ఉన్నాయి నాకు. మొదట కారును సగం వేగంతో ఒకసారి పంపాడు. బాగానే వెళ్ళి బాగానే వచ్చింది. నాకు చెమట్లు పోశాయి, అది మాత్రం గుర్తుంది. హమ్మయ్య అనిపించిందో, అయ్యో అనిపించిందో చెప్పలేను. బ్యాటరీ మార్చుకున్నాడు. నాకు టీ పోసిచ్చింది అతనే. తాగాను.

రెండోసారి పూర్తిగా నొక్కాడు.

షెడ్డు దగ్గర ఆగాల్సిన చోట కారు ఆగలేదు. డేనియేలు మీట వదిలేసి రెండు చేతులతో రిమోటును ఊపుతున్నాడు. సిమెంటు అంచు మీద కారు ఎగిరింది. ఇసుక అవతల పోలమ్మ పట్టా మీద కూర్చుని చేపలు తిరగేస్తోంది. నలభై ఏళ్లు దాటిన మనిషి. తట్ట నెత్తిన పెట్టుకుని ఊరూరూ తిరిగి ఎండుచేపలు అమ్మేది. అంతకుముందే ఒకసారి ఆమెను ఇంకొంచెం దూరం జరగమని అడిగితే, "మీ బొమ్మలొచ్చేది నాకు కనపడదా ఏంది? నాకు కాళ్ళు లేవా జరగడానికి?" అని మమ్మల్ని నవ్వించింది. ఆ రోజు మా వైపు వీపు పెట్టి కూర్చుంది. ఐదు కిలోల ఇనుమూ ప్లాస్టిక్కూ ఆ వేగంతో వచ్చి ఆమె కుడి చీలమండ మీద పడింది.

ఆమె అరుపు నేను ఇక్కడ రాయలేను.

కారులోంచి పొగ వచ్చింది, బ్యాటరీ అంటుకుంది. అందరం ఆమె వైపు పరుగెత్తాం. కారు దాని మానాన అది కాలి ముద్దయింది. రిసీవరు కరిగిపోయింది. ఇక ఎవరూ దాన్ని విప్పి చూసి, దానికి నేర్పారా లేదా అని కనిపెట్టలేరు. ఆమెను ఎత్తి బండి ఎక్కిస్తూనే నేను ఆ సంగతి గమనించాను. చూశారా నా బుర్ర ఎలాంటిదో. ఒక చేత్తో మనిషిని పట్టుకుని, ఒక కంటితో ఆ మంట వైపు చూశాను, బాగా కాలుతోందా లేదా అని.

నెల్లూరు ఆసుపత్రిలో కాలికి ప్లేటు వేశారు. నాలుగో రోజు పాలెం పెద్దలు కూర్చున్నారు. పోలీసుల దాకా పోలేదు వాళ్ళు. డేనియేలు తలొంచుకుని నిలబడి తప్పు నాదే అన్నాడు. పెద్దాయన ఒకరు నన్ను అడిగారు, ముందుగా చూసుకోరా అబ్బయా ఇట్టాంటివి అని. చూసుకున్నాం, చూసింది నేనే, అప్పుడు ఆగింది అన్నాను. ఇది రెండోసారి. మొదటిది ఒక్క క్షణంలో నోరు జారిందని ఎవరైనా అనవచ్చు. ఇది? ఇస్త్రీ చొక్కా వేసుకుని పోయి చెప్పాను. ఉన్నదున్నట్టు చెప్పినావని ఆ పెద్దాయన నన్ను మెచ్చుకున్నాడు.

ఆ రోజుతో ఆ రోడ్డు మీద ఆట ఆగిపోయింది. నా నంబరు నిలిచిపోయింది. దాన్ని దాటడానికి ఇంకెవరూ లేరు.

అక్కడితో అయిపోయి ఉంటే నేనూ మరిచిపోయేవాణ్ణేమో. కానీ డేనియేలు మరిచిపోలేదు. ఆగినప్పుడు ఆగింది కదా, మళ్ళీ ఎందుకు ఆగలేదు? ఇదే అతని ప్రశ్న. కాలిన ముద్దను డబ్బాలో పెట్టుకుని, నెలల తరబడి గీరుతూ, వైర్ల కొసలు భూతద్దంతో చూస్తూ కూర్చున్నాడు. నా మాట మీద అతనికి అనుమానం రాలేదు. కాబట్టి వేరే దేన్నో అనుమానించాలి. ఆఖరికి తేల్చుకున్నాడు. "నా టంకమే ఊడింటాదన్నా. చెక్ చేసినప్పుడు పట్టుకోనుండి, పరుగులో ఊడింటాది" అన్నాడు. ఆ మాటకు నేను తలూపాను. అవునన్నట్టు కాదు, కాదన్నట్టూ కాదు. ఎటైనా అర్థం చేసుకునేట్టు ఊపాను.

అప్పటినుంచి అతని చేతి మీద అతనికి నమ్మకం పోయింది. టంకం పెట్టడం మానేశాడు. వైర్లు మెలిపెట్టి, స్క్రూలు బిగించి సరిపెట్టుకునే పనులే ఒప్పుకున్నాడు. మోటారు బాగుచేసి, బిగించి, మళ్ళీ విప్పి చూసేవాడు. గుంటల వాళ్ళకు విసుగొచ్చి వేరే వాళ్ళను పిలవడం మొదలుపెట్టారు. మరీ తప్పనప్పుడు ఎవరితోనో టంకం పెట్టించి నాకు ఫోను చేసేవాడు. నేను శని, ఆదివారాలు ఇంటికి వస్తానని తెలుసు. "ఒక్కసారి వచ్చి చూసి చెప్పన్నా. నువ్వు బాగుండాదంటే బిగించేస్తా" అనేవాడు. వెళ్ళేవాణ్ణి. బల్బు కింద పెట్టి, అటూ ఇటూ తిప్పి, బాగుంది డేనియేలూ అనేవాణ్ణి. అతను గాలి వదిలి నవ్వేవాడు. నా మీద కారం చల్లినా అంత మండేది కాదు.

ఆదివారం ప్రార్థన అయ్యాక అతను నేరుగా పోలమ్మ ఇంటికి పోయేవాడు. ఏడేళ్లలో ఎన్ని ఆదివారాలో! ఇంట్లో స్విచ్చులు బాగుచేయడం, ఆసుపత్రికి తీసుకుపోవడం, ఏ పనీ లేకపోతే ఊరికే కూర్చోవడం. ఆమె ఇప్పుడు తట్ట నెత్తినెత్తుకోలేదు. కాలు ఈడుస్తూ బస్సు స్టాపు దగ్గరికి వచ్చి, ఒకే చోట కూర్చుని అమ్ముతుంది. అక్కడే కొంటాను నేను, అవసరం ఉన్నా లేకపోయినా. మా ఇంట్లో ఎండుచేపలు పురుగు పడుతున్నాయని మా ఆవిడ గొడవ. పోలమ్మ నన్ను చూస్తే, "ఏం అబ్బయా, ఆ బొమ్మలాట మానేసినారా? పాపం ఆ డేనియేలు, చీమను గూడా తొక్కడు, వాడికే ఇట్టా జరగాల్నా" అంటుంది. గుమ్మడికాయల దొంగ అంటే భుజాలు తడుముకున్నట్టు నేను సంచీ తడుముకుంటాను.

పోయిన నెల ఒక శనివారం చెప్పాను. డేనియేలు మోటార్లు బాగుచేసే షెడ్డులో. అతను ఒక మోటారు నా ముందు పెట్టి, చూసి చెప్పన్నా అన్నాడు. బాగుందని అనబోయాను. నోరు రాలేదు. మోటారును అటూ ఇటూ తిప్పుతూనే ఉన్నాను. కాసేపు చూసి, ఏందన్నా అన్నాడు. అప్పుడు అనేశాను.

"ఆ పొద్దు... నేను సరిగ్గా చూడలేదు డేనియేలూ. చూడకుండానే ఆగిందని చెప్పినాను."

చూశారా? అప్పుడు కూడా. ఏడేళ్లు మోసి, నోటిదాకా తెచ్చుకుని, చివరి గడపలో దాన్ని చిన్నది చేశాను. దొంగతనాన్ని పరధ్యానం చేశాను. సరిగ్గా చూడలేదట! అంత శ్రద్ధగా నా జన్మలో ఇంకేదీ చూడలేదు.

తిడతాడనుకున్నాను. కొట్టినా నిలబడదామనుకున్నాను. అతను తన రెండు చేతులూ ముందుకు పెట్టుకుని, వేళ్ళ వైపు చూసుకున్నాడు.

"అయితే నా టంకం ఊడలేదా అన్నా?"

"లేదు." చూడనివాడికి ఇదెలా తెలుసని అతను అడగలేదు.

"రిసీవరుకు నేర్పడం మర్చిపోయింటా. ఆ రొయ్యల గుంటకాడికి పరిగెత్తినా గదా... అంతేనా? టంకం బాగానే ఉన్నిందా?"

"బాగానే ఉన్నింది."

ఏడ్చాడు. నా భుజం మీద చెయ్యేసి ఏడ్చాడు. సరిగ్గా చూడకపోవడం ఎవరికైనా జరుగుద్దిలే అన్నా, నేనూ మర్చిపోయినా గదా, ఇద్దరం ఇద్దరమే అన్నాడు. క్షమించేశాడు. నేను చెయ్యని తప్పుకు. ఆ సాయంత్రమే టంకం కర్ర వేడి పెట్టాడట. మర్నాడు ఫోను చేసి చెప్పాడు, చెయ్యి మరిచిపోలేదన్నా అని.

దాంతో పోయిందా బరువు? లేదు. ముందు ఒక అబద్ధం ఉండేది, ఇప్పుడు దాని మీద అతని క్షమ కూడా కూర్చుంది. నిజం మొత్తం చెబితే అతనికి ఏమొస్తుంది, చేతులు తిరిగి వచ్చాయి కదా, ఇప్పుడు అన్నలాంటివాణ్ణి పోగొట్టుకోవడం తప్ప అని నాకు నేను చెప్పుకుంటున్నాను. చెప్పుకుంటూనే ఈ మాట ఎక్కడో విన్నానే అనుకున్నాను. నాదే. నిద్ర లేని వాణ్ణి ఆపడం ఎందుకని ఆ పొద్దు పడ్డ జాలి ఇదే. గొంతు కూడా మారలేదు. పైగా పోలమ్మకు ఆ సగం కూడా చెప్పలేదు. ఆమె కాలికి ఏ టంకమూ అతకదు.

ఈ కాగితం డేనియేలుకు ఇస్తానా? ఇస్తానని మీకు మాట ఇవ్వను. నా మాట ఎంత విలువైనదో మీకు తెలిసిపోయింది. కానీ ఒక్కసారైనా, ఎవరికో ఒకరికి, కొలత తగ్గించకుండా చెప్పాలి. రాస్తూ రెండుసార్లు లేచి వరండాలో తిరిగొచ్చాను. ఇక లేవను.

తెల్ల చుక్క పైకి వచ్చింది, కిందికి పోయింది. ఆరుసార్లు. నేను చూశాను. ఆగలేదు.